గుడ్డికన్ను లెక్క

…అయినా తను 'కత్తిరించింది' అనలేదు, 'కత్తిరించేది' అన్నాడు. ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. మొదటిది ఒక రోజున జరిగిపోయిన పనిని చెబుతుంది. రెండోది అలవాటును చెబుతుంది. రోజూ పాలు పోసేది ఫలానావాడు అంటే, ఇవాళ పోసింది కూడా వాడేనని అర్థం కాదు. ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పిన జ్ఞానానందానికి ఈ తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే అన్నాడా, నోటికొచ్చి అన్నాడా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. తేలకుండా ఉండటంలో ఒక సుఖం ఉందని కూడా ఆయనకు తెలుసు.

రైలు అప్పికట్ల దాటింది. బాపట్లలో ఎక్కినప్పుడు కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో చర్చి శతవార్షికోత్సవ సంచిక ప్రూఫులు, జేబులో ఎర్ర పెన్ను. ఇవాళ తెనాలిలో ప్రెస్సువాళ్లకు ఇచ్చేస్తే పై ఆదివారం ఉత్సవానికి పుస్తకాలు చేతికొస్తాయి. జ్ఞానానందం మాస్టారు ప్రూఫు చూశారంటే ఇక అందులో తప్పు దొరకదని ఊళ్లో పేరు. నూట పన్నెండు పేజీల్లో నూట పదకొండు పూర్తయ్యాయి. పాస్టరుగారి సందేశంలో రెండు ఒత్తులు, దాతల జాబితాలో ఒక దీర్ఘం, స్త్రీల సమాజం నివేదికలో ఒక వాక్యానికి క్రియ లేదు. అన్నీ సరిచేశాడు. నలభై ఏడో పేజీని మాత్రం నిన్న మధ్యాహ్నం చదివి, మళ్లీ చదివి, ఒక్క గుర్తు కూడా పెట్టకుండా మడిచి పెట్టాడు.

ఆ పేజీ రాసింది రూబీ, తమ్ముడు శాలేమురాజు కూతురు. వ్యాసం పేరు 'మా ద్రాక్షతోట'.

డెల్టా అంతా వరి పండుతుంటే, బాపట్ల పక్కన ఇసుక నేలలో అరవై సెంట్ల ద్రాక్షపందిరి ఉందంటే కొత్తవాళ్లు నమ్మరు. జ్ఞానానందం తాత పరంజ్యోతి ఏ దొర దగ్గరో రెండు ముక్కలు తెచ్చి, ఇసుకలో దొరువు తవ్వి, కుండలతో నీళ్లు మోసి బతికించాడు. అవే పద్నాలుగు వరుసలయ్యాయి. ఆ పండ్లు బజారుకు వెళ్లవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోసి, చేత్తో పిసికి, చక్కెర కలిపి, జాడీల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి నలభై రోజులు ఉంచుతారు. వడకట్టిన రసం బాపట్ల నుంచి రేపల్లె దాకా ఇరవై రెండు చర్చిలకు వెళుతుంది. నెలకోసారి ఆరాధన చివర జనం వచ్చి మోకరించినప్పుడు రొట్టెతో పాటు నోటికందించే చిన్న గిన్నెడు ద్రాక్షారసం అదే. దాన్ని వాళ్లు బల్ల అంటారు. తాత తరువాత నాన్న దేవసహాయం, నాన్న తరువాత జ్ఞానానందం, ఇప్పుడు ఆయన కొడుకు వినోద్ కుమార్. నాలుగు తరాలు. వ్యాసంలో రూబీ కూడా నాలుగు తరాలనే రాసింది. తన తండ్రిని మూడో తరంలో ఎక్కడ నిలబెట్టాలో తెలియక కాబోలు, ఒకే ఒక్క పేరాలో నిలబెట్టింది.

ద్రాక్షకు ఏడాదిలో రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో చేసేది కొమ్మ కోసం, దసరా రోజుల్లో చేసేది కాయ కోసం. తోట ప్రాణమంతా ఆ రెండోదాంట్లో ఉంటుంది. కొమ్మ మీద కణుపు కణుపుకీ ఒక కన్ను. ఎన్ని కళ్లు ఉంచి తెంచాలన్నదే విద్య. తాత పెట్టిన లెక్క ఆరు. అయితే కొమ్మ మొదట్లో, ముదురు కాండాన్ని అంటిపెట్టుకుని, ఉందా లేదా అన్నట్టు ఒక కన్ను ఉంటుంది. వాళ్లింట్లో దాన్ని గుడ్డికన్ను అంటారు. అది లెక్కలోకి రాదు. దాన్ని వదిలేసి ఆరు. ఆ తోటలో గుత్తి పుట్టేది ఆరో కంట్లోంచే. ఒక్కటి తక్కువైతే తోటంతా పచ్చగా ఆకేస్తుంది, గుత్తి వెయ్యదు.

పందొమ్మిదేళ్ల కిందట దసరా సెలవుల్లో నాన్న వరిబీజం ఆపరేషన్‌కని గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. కత్తెర ఎప్పుడూ పట్టే తమ్ముడే పట్టాడు. జ్ఞానానందం స్కూలు లేదు కాబట్టి కొమ్మలు ఏరడానికి వెళ్లాడు. ఐదు వరుసలయ్యేసరికి శాలేమురాజుకు చలిజ్వరం ముంచుకొచ్చింది. పాకలో గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు. మిగిలిన తొమ్మిది వరుసలూ జ్ఞానానందం తనే కత్తిరించాడు. అంతకు నెల ముందు ఎక్కడో ద్రాక్షసాగు మీద రెండురోజుల శిక్షణకు వెళ్లి ఒక చిన్న పుస్తకం తెచ్చుకుని ఉన్నాడు. మొదటి కన్ను నుంచే లెక్కించవలెను అని అందులో ఉంది.

నవంబరులో నాన్న కర్ర పట్టుకుని తోటలోకి వచ్చాడు. ఐదు వరుసల్లో గుత్తులు, తొమ్మిది వరుసల్లో ఆకులు.

"ఎవడ్రా కత్తిరించింది?"

"కత్తిరించేదెప్పుడూ తమ్ముడే కదా నాన్నా."

అంతే అన్నాడు. శాలేమురాజు అక్కడే ఉన్నాడు. ఆకుల్లోకి చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు, ఒక్క గుత్తయినా ఉంటుందేమోనని. తల తిప్పి, "జ్వరంలో ఏం చేశానో నాకే తెలీదు నాన్నా" అన్నాడు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన చేరి మూడో వాక్యం తయారైంది. దాన్ని ఎవరూ అనలేదు, అందరూ విన్నారు. మరుసటి ఏడాది ఈస్టరుకు చర్చివాళ్లు ఎక్కడినుంచో సీసాలు తెప్పించుకున్నారు. నాన్న మళ్లీ శాలేమురాజు చేతికి కత్తెర ఇవ్వలేదు. తోట ఇవ్వలేదు. శాలేమురాజు రెండేళ్లు ఊళ్లోనే అటూ ఇటూ తిరిగి, రేపల్లెలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా కుదిరాడు. పెళ్లాన్నీ, చిన్నపిల్ల రూబీనీ తీసుకుని వెళ్లిపోయాడు. నాన్న చనిపోయి పదమూడేళ్లయింది.

ఆ తరువాత అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి. తమ్ముడే మాట్లాడటం మానేశాడని జ్ఞానానందం చాలాకాలం అనుకున్నాడు, భార్య పుష్పలతతో కూడా అలాగే చెప్పాడు. పెళ్లిళ్లలో, చావుల దగ్గర ఎదురుపడినప్పుడు గమనిస్తే ముందు చూపు తిప్పుకునేది తనేనని తరువాత తెలిసింది. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టినవాడి మొహం చూడగలడు. కొట్టినవాడికే కష్టం.

నిడుబ్రోలులో రైలు కొంచెంసేపు ఆగింది. ఇసుక పోయి నల్లనేల వచ్చింది. ఆయన పేజీ తీసి ఆ పేరా మరోసారి చదివాడు.

'ఆ దసరాకు తాతయ్య ఆస్పత్రిలో ఉన్నారు. మా నాన్న తొమ్మిది వరుసల్లో గుడ్డికన్నును కూడా లెక్కలో కలిపి కత్తిరించారు. తోట కాయలేదు. యాభై ఏళ్లలో మొదటిసారి మన బల్లకు బయటి సీసాలు తెచ్చుకోవలసి వచ్చింది. అందుకు మా నాన్న సంఘస్థులందరినీ క్షమాపణ అడుగుతున్నారు.'

భాషలో తప్పు లేదు. గుడ్డికన్ను మాట దగ్గరే ఆయన కళ్లు ఆగిపోతున్నాయి. తొమ్మిది వరుసల్లో జరిగిన తప్పు ఏమిటో నాన్న కూడా కనిపెట్టలేదు, జ్వరంలో చెయ్యి తడబడిందనుకున్నాడు. గుడ్డికన్ను కలిసిందన్న సంగతి ఆ కత్తెర పట్టినవాడికే తెలియాలి. మరి తమ్ముడికి ఎలా తెలిసింది? తెలిసినవాడు దాన్ని తన మీద ఎందుకు వేసుకున్నాడు?

పేరాకు పేరా తీసేస్తే సరిపోతుంది. నిన్నటి నుంచి ఆయన ఆలోచిస్తున్నది అదే. ఉత్సవ సంచికలో ఇలాంటివి ఎందుకు? తీసేస్తే తమ్ముడి పరువూ నిలుస్తుంది. తను అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పవలసిన అవసరమూ రాదు. ఎటు చూసినా మంచిపనే. ఎటు చూసినా మంచిగా ఉండే పనుల్ని ఆయన ఇప్పుడిప్పుడే కొంచెం అనుమానిస్తున్నాడు గానీ, ఆ అనుమానం రైలు దిగేదాకా నిలిచేంత గట్టిది కాదు.

ప్రెస్సు స్టేషనుకు దగ్గరే. ఓనరు కిరీటి గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రండి మాస్టారూ రండి. మీరొస్తున్నారంటే మా భువనేశ్వరి పొద్దుటే ఏడుపు మొహం పెట్టిందండి."

"నేనెక్కడ పెట్టాను సార్? ఇవాళ ఎర్రసిరా వరదొస్తది, గొడుగు తెచ్చుకోమని మీరే అన్నారు" అంది కంప్యూటరు ముందున్న అమ్మాయి.

"చూశారా, ఓనర్ని ఇరికించేస్తది. కూచోండి. టీ చెబుతా."

జ్ఞానానందం ప్రూఫులు బల్ల మీద పెట్టాడు. కిరీటి ఒక్కొక్క పేజీ తిప్పుతూ తల ఊపాడు. నలభై ఏడు దగ్గర ఆగాడు.

"ఇదొక్కటే తెల్లగా ఉందేంటండి? అసలు నేనే అడుగుదామనుకున్నా. ఇది ఐదు లైన్లు ఎక్కువై అవతల పేజీలోకి పోతంది. ఆ పేజీ నిండా ప్రకటనలండి. ఓ ఐదు లైన్లు ఎగరగొడితే అక్కడికక్కడికి సరిపోద్ది."

ఆ పేరా కూడా ఐదు లైన్లే. జ్ఞానానందం ఎర్ర పెన్ను మూత తీశాడు. ఇంత తేలిగ్గా దొరుకుతుందని ఆయన అనుకోలేదు. అడిగినవాడు బయటివాడు, కారణం కాగితం కొలత.

అప్పుడే రూబీ లోపలికి వచ్చింది. దగ్గర్లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. మధ్యాహ్నం విరామంలో వచ్చినట్టుంది, చేతిలో తెరవని క్యారేజీ.

"పెదనాన్నా, మీరొస్తారని కిరీటిగారు ఫోన్ చేశారు. అన్నం తిన్నారా?"

"తిన్నానమ్మా. నీ పేజీయే చూస్తున్నాం. కొంచెం పెద్దదైంది."

రూబీ వంగి, ఆయన పెన్ను ఎక్కడ ఉందో చూసింది.

"అదొద్దు పెదనాన్నా. కావాలంటే దొరువు గురించి రాసింది తీసెయ్యండి, ముత్తాతగారి ఫొటో చిన్నది చెయ్యండి. అది మాత్రం ఉండాలి. అది ఉంటేనే వ్యాసం ఇవ్వమన్నాడు నాన్న."

"మీ నాన్నే చెప్పాడా ఇదంతా?"

"నాన్నే. నేను రాసుకోలేకపోయా, అంత గబగబా చెప్పాడు. ఏడో వరుసలో కత్తెర స్ప్రింగు ఊడిపోతే స్కూలు కాగితాలకేసే రబ్బరు బ్యాండు చుట్టి కత్తిరించాడంట. పుస్తకంలో మొదటి కన్నునించి లెక్కపెట్టమని ఉందంట, అందుకని అట్టా చేశాడంట. బొటనవేలు బొబ్బెక్కిపోయిందంట. అవన్నీ రాస్తే బాగోదని వదిలేశా."

జ్ఞానానందం పెన్ను మూత పెట్టాడు. స్కూలు కాగితాలకేసే రబ్బరు బ్యాండు శాలేమురాజు జేబులో ఎందుకుంటుంది? ఆ మాట ఈ పిల్లకు తట్టలేదు. పుస్తకం శాలేమురాజు చూడనే లేదు. ఆ సాయంత్రం జ్వరం కొంచెం తగ్గాక, తనే తమ్ముడి మంచం మీద కూర్చుని, గంజి తాగిస్తూ ఇవన్నీ చెప్పాడు. స్ప్రింగు గురించి నవ్వుతూ చెప్పాడు. పుస్తకం గురించి గొప్పగా చెప్పాడు. బొబ్బ చూపించాడు. తమ్ముడు కళ్లు మూసుకుని ఊ కొట్టాడు. అప్పుడు చెవిలో పడినవి పందొమ్మిదేళ్లలో మెల్లగా చేతుల్లోకి దిగినట్టున్నాయి. నువ్వే చేశావని అందరూ అంటుంటే, మనసు ఖాళీ చెయ్యి చూపించి ఎన్నాళ్లు నిలబడగలదు? దానికీ ఏదో ఒకటి పట్టుకోవాలని ఉంటుంది. దొరికినదాన్ని పట్టుకుంది. నటించేవాడైతే రబ్బరు బ్యాండు దాకా పోడు. వాడు నిజంగానే నమ్ముతున్నాడు.

అలాంటప్పుడు తన జ్ఞాపకం మాత్రం తనదేనని ఏమిటి? ఆ ఆలోచన చల్లగా, దాదాపు హాయిగా వచ్చింది. ఇద్దరు మనుషులకు ఒకే జ్ఞాపకం ఉంది. ఒకడు అది నాదంటున్నాడు. రెండోవాడు ఊరుకుంటే గొడవే లేదు. పందొమ్మిదేళ్ల కిందటి ఎండలో ఎవరి నీడ ఏ వరుసలో పడిందో ఇప్పుడెవరు చెప్పగలరు?

కానీ మూడో వరుస ఉంది.

తను కత్తిరించిన తొమ్మిదింటిలో మూడో వరుసలో ఆయన చెయ్యి ఒకసారి ఆగింది. వేలు గుడ్డికన్ను మీద ఉంది. దీన్ని లెక్కపెట్టకూడదని చిన్నప్పుడు తాత చెప్పింది గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా, చదువు లేని తాత మాట పట్టుకుని ఎన్నాళ్లు, ఈసారి పంట చూసి నాన్నే అడుగుతాడు ఇదెవరి తెలివిరా అని, అనుకున్నాడు. అనుకుని ఒకటి అని లెక్క మొదలుపెట్టాడు. ఆ క్షణం గురించి ఆ సాయంత్రం తమ్ముడికి చెప్పలేదు. పుష్పలతకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని పక్కనుంచి నడిచి వెళ్లాడే తప్ప దాన్ని తాకలేదు. రూబీ వదిలేసిన వాటిలో కూడా అది ఉండదు, శాలేమురాజు దగ్గర లేదు కాబట్టి. అన్నీ తమ్ముడికి వెళ్లిపోగా తన దగ్గర మిగిలింది అదొక్కటే.

"పెదనాన్నా, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నాన్న ఎందుకమ్మా ఇప్పుడు ఇది అచ్చు వేయించమంటున్నాడు?"

రూబీ కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

"రేపల్లెలో బల్ల ఇచ్చే ఆదివారం నాన్న ఆఖరి పాటకి ముందే బయటికొచ్చేస్తాడు. మిల్లులో లోడు ఉందంటాడు. ఆదివారం లోడేంటండి? అమ్మ అడిగి అడిగి ఊరుకుంది. నేను పుట్టి బుద్ధెరిగాక నాన్న మోకరించడం చూళ్లేదు. మొన్న ఈ వ్యాసం గురించి అడుగుతుంటే చెప్పాడు, నా చేత్తో పాడుచేసిన గిన్నెలో నేనెట్టా తాగుతానే అని. ఇది అచ్చయి అందరూ చదివాక, పై ఆదివారం మన ఊరొచ్చి అందరితో పాటు బల్ల తీసుకుంటానన్నాడు. అమ్మ కొత్త చొక్కా కూడా కుట్టించింది."

జ్ఞానానందం లెక్క వేయాలనుకోలేదు. అయినా లెక్క దానంతటదే నడిచింది. ఏడాదికి పన్నెండు. పందొమ్మిదేళ్లు. ఆ ఆదివారాలన్నిటా తను మోకరించాడు, గిన్నె అందుకున్నాడు, తల వంచి లేచి వచ్చాడు. ఒక్కసారి కూడా గొంతులో అడ్డం పడలేదు.

కిరీటి టీ గ్లాసులు తెచ్చి పెట్టాడు. "ఏమ్మా, ఉంచమంటావా? ఉంచితే భువనేశ్వరి చేత అక్షరం సైజు తగ్గిస్తా. పెద్దాళ్లు కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటారు."

"సైజు తగ్గిస్తే బాగోదు సార్, అన్ని పేజీలూ ఒకలా ఉండాలి" అంది భువనేశ్వరి వెనక్కి తిరక్కుండానే. "ఫొటో కుదిస్తా."

రూబీ ఫోను మోగింది. పేరు చూసి, "నాన్నే" అని నవ్వి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టి, క్యారేజీ మూత తిప్పసాగింది.

"ఏంటి నాన్నా?"

వెనక మిల్లు చప్పుడు. దాని మీదుగా శాలేమురాజు గొంతు, ఫోను అంటే దూరం అనుకునేవాళ్లు అరిచినట్టు. "ప్రెస్సుకెళ్లావా? అన్నయ్య వచ్చాడా?"

"వచ్చారు. చూస్తన్నారు."

"ఆ ముక్క తీసేశాడా?"

"లేదు, ఉంచమని చెప్పాను."

"గట్టిగా చెప్పు. తీసేస్తాడు. నా పరువు పోద్దని తీసేస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. చిన్నప్పుణ్ణించీ అంతే, నన్ను కాస్తానే ఉంటాడు."

రూబీ ఆయన వైపు చూసి, ఫోను కొంచెం ముందుకు జరిపింది. "ఇక్కడే ఉన్నారు, మాట్లాడతావా?"

"వద్దులే. పనిలో ఉన్నాడు కదా. ఆదివారం వస్తన్నాగా" అని శాలేమురాజు ఫోను పెట్టేశాడు.

రూబీ పెరుగన్నం స్పూనుతో కలుపుకుంటోంది. టీ మీద మీగడ కట్టింది. భువనేశ్వరి తాతగారి ఫొటోను తెర మీద కుదిస్తోంది. పరంజ్యోతి మొహం చిన్నదవుతూ, మళ్లీ కొంచెం పెద్దదవుతూ ఉంది. ఎవరూ ఆయన్ని చూడటం లేదు. ఇప్పుడు లేచి వెళ్లిపోయినా, ఆ పేరాను అలాగే వదిలేసినా, తమ్ముడు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి, అందరి ముందూ తలొంచుకుని, తనది కానిదానికి క్షమాపణ పొంది, హాయిగా రేపల్లె వెళ్లిపోతాడు. వాడికి మేలే జరుగుతుందని కూడా వాదించవచ్చు. జ్ఞానానందం ఆ వాదాన్ని చివరిదాకా విన్నాడు. బాగానే ఉంది. వ్యాకరణం తప్పలేదు.

"మాస్టారూ, మరి ఓకేనాండి? సంతకం పెట్టేస్తే ప్లేటుకి పంపిస్తా" అన్నాడు కిరీటి.

"ఒక్క నిమిషం. రెండు అక్షరాలు పడిపోయాయి."

ఆయన పేజీని తన వైపు తిప్పుకున్నాడు. పెన్ను మూత తీశాడు. రెండో వాక్యంలో 'మా' తరువాత, 'నాన్న'కు ముందు, కింద చిన్న గాలిపటం తోకలాంటి చేర్పు గుర్తు పెట్టి, అంచులో గుండ్రంగా, బడిపిల్లలకు రాసి చూపించినట్టు, 'పెద' అని రాశాడు. చివరి వాక్యంలో కూడా 'మా నాన్న' ఉంది. అక్కడా రాశాడు.